నేల తాకని పాదాలు

'పాకీజా' చూసినవారెవరూ రైలు పెట్టెలోని ఆ దృశ్యాన్ని మరచిపోలేరు. సాహిబ్‌జాన్ నిద్రలో ఉంటుంది. ఆ పెట్టె ఎక్కిన ఓ అపరిచితుడు ఆమె పాదాలు చూసి ముగ్ధుడవుతాడు. వాటి అందాన్ని పొగుడుతూ, వాటిని నేల మీదికి దించవద్దని వేడుకుంటూ ఓ చీటీ రాసిపెట్టి వెళ్ళిపోతాడు. 1972లో సినిమా విడుదలైన నాటి నుంచి ఈ యాభై ఏళ్ళుగా ఉర్దూ వచ్చినవారూ రానివారూ ఆ చీటీని అపురూపమైన ప్రేమలేఖగా చెప్పుకుంటూనే ఉన్నారు.

దానికి పదిహేనేళ్ళ ముందు, 1957లో, 'మదర్ ఇండియా' వచ్చింది. అందులో రాధ బురదలోకి దిగుతుంది. కాడిని తన భుజానికెత్తుకుని నాగలి లాగుతుంది. మట్టి కొట్టుకుపోయిన ఆ స్త్రీలో దేశం తన తల్లిని చూసుకుంది.

ఈ రెండు పాత్రలూ వేసినవాళ్ళు ముస్లిం స్త్రీలే. సాహిబ్‌జాన్‌గా నటించిన మీనా కుమారి అసలు పేరు మహజబీన్ బానో. రాధగా నటించిన నర్గిస్ అసలు పేరు ఫాతిమా రషీద్. 'మదర్ ఇండియా' తీసిన మెహబూబ్ ఖాన్, సంగీతం కట్టిన నౌషాద్ కూడా ముస్లింలే.

నటి అన్నాక ఏ పాత్రయినా వేస్తుంది, వేయాలి కూడా. నా ప్రశ్న అది కాదు. ముస్లిం నటి రాధ అయినప్పుడు దుక్కి దున్నగలిగింది. సాహిబ్‌జాన్ అయినప్పుడు మాత్రం కాలు కింద పెట్టకూడదు. ఎందుకని? మన సినిమాల్లో ముస్లిం పేరున్న స్త్రీకి అందం ఉంది, కన్నీళ్ళున్నాయి, గజల్ ఉంది. పని మాత్రం లేదు. చెమట లేదు. కూలి లేదు. పొద్దున లేచి ఆమె ఏం చేస్తుందో, ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెర మీద ఎప్పుడూ తెలియదు. తొంభై ఏళ్ళ టాకీల చరిత్రలో ఈ ఖాళీ ఎలా ఏర్పడిందో వెతకడమే ఈ వ్యాసం పని.

పునాది రాళ్ళు

మొదట ఒక విషయం గుర్తు చేసుకోవాలి. ఈ దేశంలో సినిమా అనేదాన్ని నిలబెట్టిన తొలి స్త్రీలలో మన వాళ్ళున్నారు. ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతి వేషం ఒక మగవాడు వేశాడు. గౌరవనీయమైన ఇళ్ళ ఆడవాళ్ళు కెమెరా ముందుకు రామన్నారు. అలాంటి రోజుల్లో 1922లో 'వీర్ అభిమన్యు'తో మూకీ చిత్రాల్లోకి వచ్చింది ఫాత్మా బేగం. నటనతో ఆగలేదు. సొంతంగా ఫాత్మా ఫిల్మ్స్ స్థాపించింది. 1926లో 'బుల్‌బులే పరిస్తాన్' తీసి భారతదేశంలో తొలి మహిళా దర్శకురాలిగా పేరు తెచ్చుకుంది. ఆమె కూతురు జుబేదాయే మన మొదటి టాకీ 'ఆలం ఆరా' (1931) కథానాయిక. ఇంకో ఇద్దరు కూతుళ్ళు సుల్తానా, షెహజాదీ కూడా నటీమణులే.

నర్గిస్ తల్లి జద్దన్ బాయి గాయని. పాడుకుని బతికే కుటుంబం నుంచి వచ్చి, బొంబాయిలో సినిమా కంపెనీ పెట్టి, 1935లో 'తలాషే హక్' చిత్రానికి సంగీతం కూర్చింది. సినిమాకు సంగీతం చేసిన తొలి మహిళల్లో ఆమె ఒకరు.

మహజబీన్ కథ మరీ కష్టమైనది. తండ్రి అలీ బక్ష్ హార్మోనియం వాయించే కళాకారుడు. ఇల్లు గడవక ఆ పిల్లను ఏడేళ్ళు నిండీ నిండకుండానే స్టూడియోకు పంపారు. తోటి పిల్లలు బడికి పోతుంటే ఆమె మేకప్ వేసుకుని ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. బాల కార్మికురాలు అనే మాటను ఈ దేశం మీనా కుమారి విషయంలో ఎప్పుడూ వాడలేదు. 'పాకీజా' మొదలుపెట్టిన తర్వాత పూర్తి కావడానికి పదిహేనేళ్ళదాకా పట్టింది. రోగంతోనే చివరి సన్నివేశాలు చేసింది. 1972 ఫిబ్రవరిలో సినిమా విడుదలైతే మార్చి 31న ఆమె చనిపోయింది. నేల మీద పెట్టకూడని పాదాలుగా లోకం ఎవరి పాదాలను ఆరాధించిందో, ఆమె జీవితమంతా ఆ పాదాల మీద నిలబడి పని చేసిన మనిషి.

పేర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. నవాబ్ బానో నిమ్మీ అయింది. యూసుఫ్ ఖానే దిలీప్ కుమార్ అయ్యాడు కాబట్టి ఇది ఆడవాళ్ళ కథ మాత్రమే కాదు. అయితే ఒకమ్మాయి ఒప్పుకోలేదు. 1955లో తాపీ చాణక్య తీసిన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు చిందేసి తెలుగు దేశాన్ని ఊపేసిన వహీదా రెహమాన్‌ను బొంబాయి వాళ్ళు పేరు మార్చుకోమన్నారు. మార్చుకోనని ఆమె గట్టిగా నిలబడింది. అదే పేరుతో తారగా ఎదిగి, అదే పేరుతో 2023లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకుంది.

ఇక్కడ తెలుగు పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. మన తెలుగు సినిమా జ్ఞాపకంలో ఏరువాక అనగానే కదిలే ముఖం ఒక ముస్లిం అమ్మాయిది. తొలకరి, దుక్కి, రైతు బతుకు ఆమె అడుగుల్లో పలికాయి. అదే వహీదా ఐదేళ్ళ తర్వాత ముస్లిం పాత్ర వేసినప్పుడు ఏమయింది?

హవేలీ

1960లో గురుదత్ నిర్మించి, ఎం. సాదిక్ దర్శకత్వం వహించిన 'చౌద్‌వీఁ కా చాంద్'లో ఆమె జమీలా. ఊరు లక్నో. బజారులో ఒక్కసారి ఆమె ముఖం చూసిన నవాబు ప్రేమలో పడతాడు. పర్దా చాటున ఎవరు ఎవరో తెలియని పొరపాట్ల వల్ల ఆమె నవాబు ప్రాణస్నేహితుడు అస్లంకు భార్య అవుతుంది. తన భార్యే స్నేహితుడు కోరుకుంటున్న అమ్మాయి అని తెలిసిన అస్లం ఆమెను వదులుకోడానికి సిద్ధపడతాడు. స్నేహం గొప్పదా, ప్రేమ గొప్పదా అన్నదే ఇద్దరు మగవాళ్ళ మధ్య సమస్య. జమీలా అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు. చివరికి నవాబు ప్రాణం తీసుకుని చిక్కుముడి విప్పుతాడు.

మూడేళ్ళకు హెచ్.ఎస్. రవైల్ 'మేరే మెహబూబ్' (1963) వచ్చింది. అలీగఢ్ విశ్వవిద్యాలయంలో పుస్తకాలు పట్టుకుని నడిచే అమ్మాయి, ఎదురుగా వచ్చే అబ్బాయి. ఢీకొంటారు. బుర్ఖాలోంచి కళ్ళు మాత్రం కనిపిస్తాయి. సినిమా అంతా అతను ఆ కళ్ళను వెతుక్కుంటాడు. హుస్నా ఏం చదువుతోంది, చదివి ఏం కావాలనుకుంటోంది? సినిమాకు పట్టలేదు. ఆ చేతిలోని పుస్తకాలు కింద పడటానికే ఉన్నాయి.

అదే సినిమాలో ఇంకొక స్త్రీ ఉంది. అబ్బాయి అక్క నజ్మా. తమ్ముణ్ణి పెంచి చదివించడానికి నాట్యం చేసి సంపాదించింది. నిమ్మీ వేసింది ఆ పాత్ర. కథ మొత్తంలో కష్టపడి సంపాదించిన ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. కానీ ఆ సంపాదన దాచిపెట్టవలసిన రహస్యం, ఇంటికి మచ్చ. పని చేసిన ముస్లిం స్త్రీ తెర మీదికి వచ్చినా ఇలా తలదించుకునే వచ్చింది.

'ముస్లిం సోషల్' అని సినిమా వ్యాపారంలో పిలుచుకున్న ఈ చిత్రాల్లో ఎప్పుడూ నవాబులే ఎందుకున్నారు? కారణం చరిత్రలో ఉంది. హైదరాబాద్ రాజ్యంలో జాగీర్దారీ 1949లో రద్దయింది. ఉత్తరప్రదేశ్‌లో జమీందారీ 1950ల మొదట్లో పోయింది. హవేలీల పైకప్పులు కూలుతున్న రోజుల్లోనే తెర మీద హవేలీలు లేచాయి. పోయిన వైభవాన్ని తలచుకుని దుఃఖించే ఉన్నత వర్గాల రచయితలూ, షాయర్లూ బొంబాయి చేరి, తమ కలను మొత్తం కౌము కలగా రాశారు. గజల్ కూడా కలిసొచ్చింది, పాటలు అమ్ముడుపోయాయి. ముస్లిం అంటే లక్నో, లక్నో అంటే నవాబు, నవాబు అంటే జనానా. దూదేకులవాళ్ళు, ఖసాబులు, నేతగాళ్ళు, రిక్షా తొక్కేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు ఈ లెక్కలోకే రాలేదు.

ఈ తప్పు పూర్తిగా మెజారిటీ సమాజం మీదికి నెట్టలేం. ఆ సినిమాలు రాసినవాళ్ళలో, తీసినవాళ్ళలో మనవాళ్ళూ ఎక్కువే. మనలోని అష్రాఫుల చూపే మన ముఖంగా లోకానికి చేరింది. ఆ తర్వాత దాన్ని పట్టుకుని మెజారిటీ ప్రేక్షకుడు ముస్లింలంటే ఇంతే అనుకున్నాడు.

అయినా ఆ సినిమాలను కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. మా గల్లీలో వీసీఆర్ అద్దెకు తెచ్చిన రాత్రి ఈ సినిమాలే పెట్టేవారు. మా అమ్మీ చేతిలో చీర ఫాల్ ఉండేది, కళ్ళు టీవీ మీద ఉండేవి. పక్కింటి ఖాలాలు ఒక్కొక్క మాటకూ 'వాహ్' అనేవాళ్ళు. బయట తమ భాష నవ్వులపాలవుతుంటే, ఆ మూడు గంటలూ ఉర్దూ రాణిలా నడవడం వాళ్ళు చూశారు. ఆ ఆనందం నిజం. కాని సూదీదారం పట్టుకున్న ఆ చేతుల్లాంటి చేతులు ఆ టీవీలో ఏనాడూ కనపడలేదన్నదీ అంతే నిజం.

బయట నవ్వులపాలవడం అన్నాను. అది కూడా సినిమా పుణ్యమే. 1965లో 'గుమ్‌నామ్'లో మెహమూద్ హైదరాబాదీ దక్కనీ మాట్లాడి దేశాన్ని నవ్వించాడు. అప్పటినుంచి దక్కనీ అంటే హాస్యం, వంటవాడి భాష. హీరోయిన్ మాత్రం లక్నో ఉర్దూయే మాట్లాడాలి. మా అమ్మీలు, నానీలు మాట్లాడే భాషలో ఒక ప్రేమకథ నడవగలదని పెద్ద సినిమాలకు తట్టలేదు.

కోఠా

హవేలీ తలుపు దాటితే ముస్లిం స్త్రీకి సినిమా ఇచ్చిన రెండో గది కోఠా. 'పాకీజా' అదే, ముజఫ్ఫర్ అలీ 'ఉమ్రావ్ జాన్' (1981) అదే. మీర్జా హాదీ రుస్వా 1899లో రాసిన నవల దీనికి ఆధారం. ఫైజాబాద్‌లో ఎత్తుకుపోయిన అమీరన్ లక్నోలో అమ్ముడుపోయి షాయరా అవుతుంది. రెండూ మంచి సినిమాలు. రెండింటిలోనూ స్త్రీ దుఃఖం ఒకటే: ఒక గౌరవనీయమైన ఇంటి గడప తొక్కే అదృష్టం తనకు లేదే అని.

చరిత్ర ఇలా లేదు. 1857 తిరుగుబాటు తర్వాతి దశాబ్దాల లక్నో మునిసిపల్ పన్ను పద్దుల్లో తవాయిఫులు అత్యధిక ఆదాయం ఉన్న వర్గంలో కనిపిస్తారు. వాళ్ళకు ఇళ్ళున్నాయి, తోటలున్నాయి. తిరుగుబాటుదారులకు సాయపడ్డారని కొందరి ఆస్తులను బ్రిటిష్ వాళ్ళు జప్తు చేశారు. ఇక మన హైదరాబాద్‌లో మహ్ లకా బాయి చందా (1768-1824) ఉంది. ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి మహిళల్లో ఒకరు. జాగీరు అనుభవించింది, గుర్రపు స్వారీ చేసింది, ఇతరులకు ఆశ్రయమిచ్చింది. మౌలాలీ గుట్ట దగ్గర ఆమె సమాధి నేటికీ ఉంది. ఎవరి గడపలోకో పిలుపు రాలేదని ఏడుస్తూ కూర్చున్న మనిషి కాదామె.

కోఠాలో శోషణ లేదని నేననడం లేదు. అమ్ముడుపోయిన పిల్లల ఏడుపు అబద్ధం కాదు. కాని ఆ విద్య వెనక ఉన్న ఏళ్ళ తరబడి సాధన, ఆ సంపాదన, ఆ తెలివి వీటన్నింటినీ తీసేసి కన్నీరు మాత్రం ఉంచితే మిగిలేది మగవాడు ఉద్ధరించడానికి వీలైన బొమ్మ.

నవ్వులు

హాస్య చిత్రాలు ఇంకొక దారి పట్టాయి. అక్కడ బుర్ఖా అంటే తికమక. ఒక అమ్మాయి అనుకుని ఇంకొక అమ్మాయి వెంట పడటానికి, హీరోగారో హాస్యగాడో దొంగచాటుగా ఆడవాళ్ళ మధ్యకు దూరడానికి పనికొచ్చే నల్లగుడ్డ. తెలుగు సినిమాల్లోనూ ఈ వేషం చూసి మనం నవ్వాం. ఆ గుడ్డ కింద రోజూ బస్సెక్కి పనికి పోయే మనిషి ఒకరుంటారని నవ్వే సమయంలో గుర్తుండదు.

మన్మోహన్ దేశాయ్ 'అమర్ అక్బర్ ఆంథొనీ' (1977)లో ఓ విచిత్రం ఉంది. నీతూ సింగ్ వేసిన సల్మా డాక్టరు. ఆ రోజుల్లో పెద్ద వ్యాపార చిత్రంలో ముస్లిం అమ్మాయి డాక్టరు కావడం చిన్న విషయం కాదు. అయినా సల్మా పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది ఆస్పత్రి కాదు. అక్బర్ వేదిక మీద నిలబడి ఖవ్వాలీ పాడుతూ ఆమె ముఖం మీది పర్దా తీయించే ఘట్టం. హాలంతా ఈలలు. స్టెతస్కోపు ఉన్న అమ్మాయిని కూడా చివరికి ముసుగు దగ్గరే గుర్తుపెట్టుకున్నాం.

తలాఖ్, బజారు

1982లో రెండు సినిమాలొచ్చాయి. ఒకటి బి.ఆర్. చోప్రా 'నికాహ్', రెండోది సాగర్ సర్హదీ 'బాజార్'.

'నికాహ్'లో నీలోఫర్‌ను మొదటి భర్త కోపంలో మూడుసార్లు తలాఖ్ అని వదిలేస్తాడు. ఆమె ఒక పత్రికలో ఉద్యోగం చూసుకుంటుంది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది. మొదటివాడు పశ్చాత్తాపపడి తిరిగొస్తే, రెండోవాడు త్యాగబుద్ధితో ఆమెను వదులుకోడానికి సిద్ధమవుతాడు. ఇరవై రెండేళ్ళ కిందటి అస్లం మళ్ళీ వచ్చాడన్నమాట. కాని ఈసారి స్త్రీ నోరు విప్పింది. మీ ఇద్దరూ ఇచ్చిపుచ్చుకోడానికి నేను వస్తువునా అని నిలదీసింది. హాల్లో ఆడవాళ్ళు ఆ మాటలకు ఏడ్చారు, చప్పట్లు కొట్టారు. జమీలా అడగలేకపోయింది నీలోఫర్ అడిగింది.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఇందోర్‌లో ఒక నిజమైన స్త్రీ కోర్టుల చుట్టూ తిరుగుతోంది. అరవై దాటిన షా బానో. నలభై ఏళ్ళకు పైగా కాపురం చేసిన వకీలు భర్త వదిలేస్తే మనోవర్తి అడిగింది. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలు ఇప్పించాడు. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. 1986లో పార్లమెంటు చేసిన చట్టం ఆ తీర్పును పక్కకు నెట్టింది. 2001లో సుప్రీంకోర్టు ఆ చట్టానికే కొత్త అర్థం చెప్పి స్త్రీకి కొంత దక్కేలా చేసింది. 2017లో ఒకేసారి చెప్పే మూడు తలాఖులు చెల్లవన్న తీర్పు, 2019లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చాయి.

నీలోఫర్‌కు, షా బానోకు తేడా చూడండి. సినిమాకు కావలసింది తలాఖ్ అనే మాట, ఆ మాట పలికిన క్షణంలో పగిలే గాజు. షా బానోకు కావలసింది ప్రతి నెలా వచ్చే డబ్బు. వయసు మళ్ళిన స్త్రీ 179 రూపాయల కోసం చేసే పోరాటం పాటల సినిమాకు పనికిరాదు. రాజకీయ నాయకులు కూడా సినిమా వాళ్ళలాగే తలాఖ్ మాటను పట్టుకున్నారు, మనోవర్తిని వదిలేశారు.

'బాజార్' మన హైదరాబాద్ కథ. గల్ఫ్ డబ్బుతో వచ్చిన వయసు మీరిన పెళ్ళికొడుక్కి పేదింటి పిల్లను అమ్మడం. షబ్నంగా సుప్రియా పాఠక్, ఆ బేరంలో తెలిసీ తెలియక చెయ్యి కలిపిన నజ్మాగా స్మితా పాటిల్. పెళ్ళిళ్ళ పేరమ్మ లాంటి హజ్జన్ బీగా షౌకత్ కైఫీ. ఆమె హైదరాబాద్‌లో పెరిగి, నాటకరంగంలో ఆరితేరిన మనిషి. 'గరం హవా'లో తల్లిగా, 'ఉమ్రావ్ జాన్'లో ఖానంగా కూడా ఆమెదే నటన. 'బాజార్' నిజాయితీ గల సినిమా. అది వచ్చిన తొమ్మిదేళ్ళకు, 1991లో, ఒక హైదరాబాద్ చిన్నపిల్లను పెళ్ళి పేరుతో తీసుకుపోతున్న ముసలివాణ్ణి విమానంలో ఎయిర్ హోస్టెస్ పట్టించింది. సినిమా చెప్పింది కల్పన కాదని దేశానికి అప్పుడు తెలిసింది.

కాని ఒక్క సంగతి. షబ్నం చనిపోతుంది. 1970లలో ఎం.ఎస్. సత్యు తీసిన 'గరం హవా'లో అమీనా చనిపోతుంది. అది ఇస్మత్ చుగ్తాయ్ కథ, దేశ విభజన మీద వచ్చిన గొప్ప సినిమా. అయినా సరే, మంచి ఉద్దేశంతో తీసిన సినిమాల్లో కూడా ముస్లిం అమ్మాయి మన సానుభూతి పొందాలంటే ప్రాణం ఇవ్వాలి. పాతబస్తీలో అలాంటి పెళ్ళి నుంచి తిరిగొచ్చి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, మగ్గం మీద జర్దోసీ కుట్టుకుని బతుకు ఈదినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ కథ షబ్నం చనిపోయిన చోట మొదలవుతుంది. అది మాత్రం ఎవరూ తీయలేదు.

తెలుగు తెర

తెలుగు సినిమాలో ముస్లిం స్త్రీ మొదట పురాగాథల నుంచి వచ్చింది. 1949లో భానుమతి లైలా, 1955లో అంజలీదేవి అనార్కలి. ఆ లైలా, ఆ అనార్కలి చక్కని తెలుగు మాట్లాడారు, తెలుగు పాటలు పాడారు. ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. అనార్కలి రాజభవనంలో దాసి. అంటే పని చేసుకుని బతికే మనిషే. కాని మనకు గుర్తున్నది ఆమె చాకిరీ కాదు, ప్రేమ, సమాధి.

పక్క వీధిలోని ముస్లిం పాత్ర తెర మీదికి వచ్చేసరికి భాష మారిపోయింది. 'నీకీ, నాకీ' అంటూ తెలుగును విరగ్గొట్టే సాయిబు, ఆయన వెనక బుర్ఖాలో బేగం. దూరదేశపు లైలాకు వచ్చిన తెలుగు ఊళ్ళో ఉన్న ఫాతిమాకు రాదట! కోస్తాలో, రాయలసీమలో ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలు వేలకు వేలు. ఆ స్త్రీలు చీర కట్టి, గాజులు వేసుకుని, పొలం పనికి పోతారు. పీర్ల పండక్కి మలీదా చేస్తారు. ఉర్దూ రాని, బుర్ఖా వేయని, పొలంలో కలుపు తీసే ముస్లిం స్త్రీ మన తెరకు ఇప్పటికీ తెలియదు. ఆమెను చూపిస్తే ముస్లిం అని ప్రేక్షకుడు నమ్మడేమోనని భయం కాబోలు.

మరోపక్క ముస్లిం ఇళ్ళ అమ్మాయిలు తెలుగు ప్రేక్షకుల మనసు దోస్తూనే ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టిన తబస్సుమ్ ఫాతిమా హష్మీ టబూగా వచ్చి 'కూలీ నెం.1' (1991)తో మొదలుపెట్టి, 'నిన్నే పెళ్ళాడతా' (1996)తో ప్రతి ఇంటికీ నచ్చిన పిల్ల అయింది.

1995లో మణిరత్నం 'బొంబాయి' తెలుగులోనూ వచ్చింది. షైలా బానో తండ్రి ఇటుకలు చేసేవాడు. అబ్బ, ఇన్నాళ్ళకు నవాబు కాని ఇల్లు ఒకటి దొరికిందని ఆశపడతాం. కాని హీరో షైలాను మొదటిసారి చూసేది గాలికి ముసుగు తొలగినప్పుడు. 1963 నాటి అలీగఢ్ ముసుగే. ఆమె చేతికి ఇటుక మట్టి ఎక్కడా అంటలేదు. ముస్లిం అమ్మాయి, హిందూ అబ్బాయి అన్న ఈ జోడీని జనం సామరస్యంగా మెచ్చుకున్నారు. జోడీ తారుమారైతే ఆ మెప్పు ఏమవుతుందో తర్వాతి ఏళ్ళు చూపించాయి.

2018లో 'కేరాఫ్ కంచరపాలెం' సహృదయంతో వచ్చిన సినిమా. అందులో సలీమా కూడా ముందు కళ్ళుగానే పరిచయం అవుతుంది. ఆమె వేశ్య. చివరికి ఆమె బతకదు. 2022లో 'సీతారామం' దేశమంతా చూసింది. హైదరాబాద్ రాకుమారి నూర్జహాన్. అయితే ప్రేమకథ సాగినంతసేపూ ఆమె సీత. కళ్ళు, కోఠా, రాకుమారి. అరవై ఏళ్ళలో మనం ఎంత దూరం వచ్చామో ఈ మూడు మాటలే చెబుతాయి.

ముసుగు మీద మారిన చూపు

ఇంతకాలం ముస్లిం స్త్రీని మురిపెంగానో జాలిగానో చూసిన తెర, ఇటీవల ఆమెను అనుమానంగా కూడా చూస్తోంది. 2023లో వచ్చిన 'ది కేరళ స్టోరీ'లో ముస్లిం అమ్మాయి తోటి విద్యార్థినులను వలలో వేసే కుట్రదారు. ఆ సినిమా ప్రచారంలో వాడిన 32,000 అన్న లెక్కకు ప్రామాణికమైన ఆధారం లేదని తెరమీద ప్రకటించాలని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. లెక్క తప్పని తేలినా చూసినవాళ్ళ మనసులో పడిన ముద్ర చెరగదు.

ఒక్కసారి ఆలోచించండి. 'మేరే మెహబూబ్'లో బుర్ఖా వేసుకుని పుస్తకాలతో విశ్వవిద్యాలయంలో నడిచే అమ్మాయిని చూసి దేశమంతా పాట పాడింది. 2022లో ఉడుపిలో అలాగే తల కప్పుకుని పుస్తకాలతో వచ్చిన అమ్మాయిలను కాలేజీ గేటు దగ్గర ఆపేశారు. ఆ ఏడాది మార్చిలో కర్ణాటక హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు చెప్పారు. హుస్నా చదువేమిటని సినిమా అడగలేదు. ఉడుపి పిల్లల చదువేమవుతుందని గేటు మూసినవాళ్ళూ అడగలేదు. ముసుగును ప్రేమించినవాళ్ళకూ ద్వేషించినవాళ్ళకూ కనిపించింది ముసుగొక్కటే.

మంచి ప్రయత్నాలు లేవని కాదు. శ్యాం బెనెగల్ 'మమ్మో' (1994)లో వీసా గడువు తీరిన ముసలి ఖాలాను మనిషిగా చూపించాడు. 'సీక్రెట్ సూపర్‌స్టార్' (2017)లో ఇన్సియా బుర్ఖా వేసుకునేది తండ్రికి తెలియకుండా తన పాట లోకానికి వినిపించడానికి. అక్కడ బుర్ఖా ఆమె పనిముట్టు. జోయా అఖ్తర్ 'గల్లీ బాయ్' (2019)లో సఫీనా వైద్యం చదువుతుంది, అబద్ధాలాడుతుంది, కొట్లాడుతుంది, ప్రేమిస్తుంది. ఆమెను చూసి మా ఇళ్ళ పిల్లలు ఇది మనమే అనుకున్నారు. గొప్ప గుణాలు ఉన్నందుకు కాదు, మామూలుగా ఉన్నందుకు.

సినిమా వదిలేసిన ఖాళీని తెలుగులో సాహిత్యం కొంత పూడ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చాక ముస్లిం ఇంటి వంటగది, ఆకలి, గొడవలు కవిత్వమయ్యాయి. షాజహానా 'నఖాబ్' రాసింది. కాని పుస్తకం వెయ్యిమందికి చేరితే సినిమా కోటిమందికి చేరుతుంది. రేపు మా అమ్మాయికి ఇల్లు అద్దెకిచ్చే ఆయనా, ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసే ఆవిడా, పక్క సీట్లో కూర్చునే మనిషీ ముందుగా చూసి ఉండేది సినిమానే. ఆ చూపుతోనే మా అమ్మాయిని కొలుస్తారు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముస్లిం స్త్రీలను దేవతలుగా చూపించమని ఎవరూ అడగడం లేదు. సంప్రదాయాన్ని కాపాడుతున్నామంటూ ఆమెను మళ్ళీ జనానాలో పెట్టాలనుకునే మా పెద్దల కోరికా ఇది కాదు. నిజామాబాద్‌లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ, వెయ్యి బీడీలకు కూలి ఎంతివ్వాలో కార్ఖానావాడితో తగాదా పడుతుంది. లాడ్ బజార్ గాజులకు పాతబస్తీ గదిలో రాళ్ళు పొదిగే అమ్మాయి పక్కింటి కుర్రాణ్ణి చూసి నవ్వుతుంది. నర్సు ఉద్యోగం చేసే చెల్లి నైట్ డ్యూటీ నుంచి షేరింగ్ ఆటోలో ఇంటికొస్తుంది. వీళ్ళల్లో నవ్వుకు కొదవ లేదు, ప్రేమకు కొదవ లేదు. ఒక మంచి వినోదాల సినిమాకు కావలసిన సరుకంతా ఉంది. దక్కనీలోనో తెలుగులోనో వాళ్ళను మాట్లాడనివ్వండి. వాళ్ళ పాదాలు ఎప్పటినుంచో నేల మీదే ఉన్నాయి. కెమెరాయే కిందికి దిగాలి.